మా నాటక సమాజం చరిత్రనే నాటకంగా వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం. అరవై ఏళ్ల కిందట పెద్దలు చందాలు వేసుకుని కట్టుకున్న నాటక సమాజం హాలు. ఒకప్పుడు పద్యనాటకాలతో కళకళలాడింది, ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. ఇంటర్ నుంచి పీజీ దాకా చదువుతున్న పదహారు మంది ఒక బృందంగా చేరి, ఆ హాలు కథనే గంటసేపు ప్రదర్శనగా వేయాలనుకుంటున్నారు. సావనీర్ చదివినట్టు మాత్రం ఉండకూడదట. పాత నాటకాల సీన్లు వాడుకోవచ్చా, ఒగ్గుకథ, చిందు భాగోతం లాంటి మన జానపద కళలు కలపొచ్చా, టికెట్ పెట్టొచ్చా అని కూడా అడిగారు.

ముందే చెప్పేస్తాను. చరిత్ర మొత్తం చెప్పకండి. ఒక్క రాత్రిని పట్టుకుని ఆడండి. మీ హాల్లో ఎప్పుడో ఒకనాడు ఒక నాటకం పడింది. ఆ మధ్యాహ్నం డ్రెస్సుల పెట్టె బస్సు దిగిన దగ్గర్నుంచి, తెల్లవారి ముఖాల మీద రంగు కడుక్కునే దాకా ఏం జరిగిందో అదే మీ నాటకం. సమాజం ఎవరు పెట్టారు, హాలు ఎలా కట్టారు, అప్పు ఎంతయింది అన్నవన్నీ ఆ రాత్రి మాటల్లోనే దొర్లుతాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి మొత్తం చెప్పబోయి చేతులు కాల్చుకున్నాను. నేను హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ ముప్పై నాలుగేళ్లుగా సాయంత్రాలు నాటకాలు వేయిస్తున్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక సమాజం వాళ్లు స్వర్ణోత్సవానికి ఇలాంటిదే అడిగారు. స్థాపన నుంచి మొదలుపెట్టాను. చేతికర్రతో ఒక సూత్రధారుడు, వెనక తెర మీద ఫొటోలు, ఒక్కో అధ్యక్షుడికి ఒక్కో సీను. రెండు గంటల పది నిమిషాలు సాగింది. ముందు వరసల్లో కూర్చున్న కుటుంబాలు తమ తాతకు ఎన్ని నిమిషాలు ఇచ్చామో లెక్కపెట్టుకున్నాయి. అయిపోయాక నలుగురు కోపంగా, మిగతావాళ్లు మర్యాదగా వెళ్లిపోయారు. ఆఖర్న ఒక ముసలాయన నా దగ్గరికొచ్చి, "అంతా చెప్పిండ్రు సారూ, గని తెర ఎట్ల లేసేదో చెప్పకపోతిరి" అన్నాడు.

ఆయన ఆ సమాజంలో ఇరవై రెండేళ్లు తెర లాగినవాడు. పేరు సావనీర్‌లో లేదు. మర్నాడు ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాను. అప్పటి తెర ఇప్పటిలా పక్కకు జరిగేది కాదు. కింద పొడుగాటి వెదురు బొంగు, రెండు వైపులా గిలకలు, తాళ్లు. లాగితే బొంగుకు చుట్టుకుంటూ పైకి లేస్తుంది. రెండు చేతులూ ఒక్క తీరుగా లాగకపోతే ఒక పక్క వంకరపోతుంది, జనం ఈలలు వేస్తారు. తాడు జారితే అరచెయ్యి తోలు లేచిపోతుందని తడిపిన గుడ్డపీలిక చుట్టుకునేవాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, లేని తాడును పట్టుకుని, ఎడమ పాదం కింద కొస తొక్కిపెట్టి చూపించాడు. "హరిశ్చంద్రుడు కాట్లెకు వొచ్చెటప్పుడు బిర్రున లేపద్దు, ఏడ్సుకుంట లేపాలె" అన్నాడు. తెర ఏడ్చుకుంటూ లేవడం! అప్పటికి పాతిక నాటకాలు వేయించిన నాకు ఆ మాట తెలియదు. ఆ తర్వాత మరో ఊళ్లో ఇలాంటి పని వచ్చినప్పుడు తెర లాగేవాడి వైపు నుంచే రాసుకున్నాం. యాభై ఐదు నిమిషాలు. ఎవరి తాతకు ఎన్ని నిమిషాలో ఎవరూ లెక్కపెట్టలేదు.

కాబట్టి మీరు మొదట వెళ్లాల్సింది అధ్యక్షుల ఇళ్లకు కాదు. డ్రెస్సులు కిరాయికి తెచ్చినవాళ్లు, ముఖాలకు రంగు వేసినవాళ్లు, పక్క వింగులో నిలబడి ప్రాంప్టింగ్ చెప్పినవాళ్లు, రిక్షాలో మైకు పెట్టుకుని ఊరంతా తిరిగినవాళ్లు, హాలు బయట మిర్చి బజ్జీలు వేసినవాళ్లు ఎవరు మిగిలారో చూడండి. తర్వాత అధ్యక్షుల దగ్గరికీ వెళ్లండి, లేకపోతే హాలు తాళం చేతికి రాదు.

అడిగే తీరు ముఖ్యం. "మీ అనుభవాలు చెప్పండి" అని ఫోను ముందు పెడితే ఎంతటివాడైనా ఉపన్యాసంలోకి దిగుతాడు. "ఆ రాత్రి అన్నం ఎక్కడ తిన్నరు?" అని అడగండి. "గద ఎవరు చేసిండ్రు, దేంతోని?" "కరెంటు పోతే ఏం చేసిండ్రు?" "ఇంట్లో ఏమని చెప్పి వొచ్చేది?" ఈ చివరి ప్రశ్నకు మాకు దొరికిన జవాబులతోనే ఒక సీను తయారైంది. ఇద్దరు పెద్దమనుషులు ఒకే సంఘటనకు రెండు సంవత్సరాలు చెప్తే, ఎవరిది ఒప్పో తేల్చే పనిలో పడకండి. ఇద్దర్నీ స్టేజీ మీద పెట్టి పోట్లాడించండి. జనం నవ్వుతారు, మీరు తప్పు చెప్పినవాళ్లూ కారు.

కాగితాలు కూడా వెతకండి. అన్నిటికంటే విలువైనది జమాఖర్చుల పుస్తకం. మేం చూసిన ఒకదాంట్లో "హార్మోనియం మాస్టరుకు రానుపోను చార్జీలు, టీ, బీడీలు" అని ఒక పద్దు ఉంది. ఆ ఒక్క వరుసలో మనిషి మొత్తం కనిపిస్తాడు. పాత పత్రికల కోసం హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఉంది, 1904 నుంచి నడుస్తున్న గ్రంథాలయం. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టిన గోలకొండ పత్రిక పాత సంచికలు ఇంటర్నెట్‌లో కూడా కొన్ని దొరుకుతాయి. మీ సమాజం ముచ్చట ఉన్నా లేకపోయినా, అప్పటి ప్రకటనల భాష కోసమైనా తిరగేయండి.

ఒక చిన్న హెచ్చరిక. పాత వస్తువుల మీద 13తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే వదిలేయకండి. ఒక చోట హార్మోనియం పెట్టె మూత లోపల ఎవరో మేకుతో 1354 అని గీశారు. పిల్లలు అది కంపెనీ నంబరు అనుకున్నారు. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో లెక్కలన్నీ ఫసలీలోనే సాగేవి. 590 కలపండి, 1944 వస్తుంది. అక్కడ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 1944 చివరో 1945లోనో అన్నమాట. ఆ సమాజం పుట్టిందేమో 1958లో. అంటే సమాజం కంటే హార్మోనియం పద్నాలుగేళ్లు పెద్దది! అది ఎక్కడి నుంచి వచ్చింది, అంతకుముందు ఎవరి చేతుల్లో మోగింది అని తవ్వుకుంటూ పోతే, పక్క తాలూకాలో ఆరిపోయిన ఇంకో బృందం బయటపడింది. శిలాఫలకం ఉర్దూలో ఉంటే ఫోను యాప్‌ను నమ్మకండి. ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లలో ఒకరిని ఆటోలో తీసుకొచ్చి చదివించండి. చదివి ఊరుకోరు, నాలుగు కథలు కూడా చెప్తారు.

ఇక మన వైపు తప్పకుండా వచ్చే జబ్బు: కాకతీయులు. వరంగల్ చుట్టుపక్కల ఏ కార్యక్రమమైనా తోరణం కటౌట్ లేకుండా మొదలవ్వదు. కాకతీయుల సేనాని జాయప నాట్యం మీద నృత్తరత్నావళి అనే గ్రంథం రాశాడు, నిజమే. దాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ చూసి నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు, అదీ నిజమే, గొప్ప సంగతే. కానీ ఓరుగల్లు పడింది 1323లో. మీ హాలు కట్టింది 1960లలో. నడుమ ఆరు వందల ఏళ్లకు పైగా ఉంది. పేరిణితో మొదలుపెట్టి మరో నిమిషంలో మీ సమాజంలోకి దూకితే, చూసేవాడికి ఆ నడుమ మన ఊళ్లో ఎవరూ ఆడలేదు, పాడలేదు అనిపిస్తుంది. ఆ నడుమంతా ఆడినవాళ్లు మీ ఊరి చిందు భాగోతులవాళ్లు, ఒగ్గు పూజారులు, శారద వాయిద్యంతో కథలు పాడే శారదకాండ్రు. దాంతో మీ ఇంకో ప్రశ్నకు వస్తాను.

ఒగ్గుకథ, చిందు కలపొచ్చా? కలపొచ్చు, ఐదు నిమిషాల ఐటంగా మాత్రం వద్దు. నడుముకు గుడ్డ కట్టి, డోలు కొట్టించి, గెంతించి పంపించేస్తే అది స్కూలు వార్షికోత్సవం. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ మొక్కులతో, దేవుడి ముందు రంగుల ముగ్గులుగా పట్నాలు వేయడంతో ముడిపడినవి. ఐనవోలులోనో కొమురవెల్లిలోనో జాతర రోజుల్లో ఒక రాత్రి కూర్చుని చూడండి, ఎంత సేపటి పనో తెలుస్తుంది. జనగామ వైపు చుక్క సత్తయ్య, వేములవాడ వైపు మిద్దె రాములు ఆ కథను ఎక్కడెక్కడికో తీసుకెళ్లారు. చిందు యక్షగానం సంగతీ అంతే. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి ఆడింది. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

మీ కథకు వాళ్లు ఎక్కడ తగులుతారో వెతకండి. తగులుతారు. మేం ఒక ఊళ్లో అడిగితే తేలిందేమిటంటే, సమాజంలో పద్యాలు పాడిన మొదటి తరానికి తాళం నేర్పింది ఊరి చివర వాడలోని చిందు కళాకారుడే. కానీ అదే సమాజం స్టేజీ మీదికి ఆయన్ని ఒక్కనాడు పిలవలేదు. ఎందుకు పిలవలేదో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మీ దగ్గరా ఇలాంటిది బయటపడితే దాన్ని వదిలేయకండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని టెన్షన్ పడతారు, నాకు తెలుసు. మేం తీర్పేమీ చెప్పలేదు. రిహార్సల్ లోపల సాగుతుంటే కిటికీ బయట ఒకాయన నిలబడి తాళం తప్పినప్పుడల్లా తల అడ్డంగా ఊపుతాడు, అంతే. ఆ వేషం వేసింది ఆయన మనవడు. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే వేశాం, అందరు కళాకారులతో పాటు పారితోషికం కూడా ఇచ్చాం. ఈ రెండూ తప్పనిసరి.

ఆడపిల్లల విషయం మీరు అడగలేదు. కానీ మీ పదహారు మందిలో ఏడుగురు అమ్మాయిలని రాశారు కాబట్టి చెప్తాను. సురభి లాంటి కుటుంబ నాటక సమాజాల్లో మొదటి నుంచీ ఆడవాళ్లు ఆడారు. ఊళ్ల సమాజాల్లో ఎక్కువగా మగవాళ్లే చీర కట్టారు. స్త్రీ పాత్రలతోనే స్థానం నరసింహారావు గారు 1956లో పద్మశ్రీ దాకా వెళ్లారు. మీ సమాజంలోనూ ఒక చంద్రమతి ఉండే ఉంటాడు. బతికుంటే ఆయన్ని పట్టుకోండి. మాకు దొరికినాయనకు డెబ్బై ఆరేళ్లు. ఆయన పాత్ర వేయాల్సిన అమ్మాయికి చెంగు పట్టుకోవడం నేర్పిస్తూ, "నువ్వు ఆడపిల్లవు కాబట్టి నీకు రాదు బిడ్డా. నేను సూసి నేర్సుకున్న, నువ్వు సూడలే" అన్నాడు. చెంగు కొసను చూపుడు వేలికీ బొటనవేలికీ నడుమ పట్టి, ఏడుపు వచ్చినప్పుడు నోటికి కాకుండా ముందు గుండెకు ఆనించాడు. చర్మం ముడతలు పడ్డ ఆ చెయ్యి ఒక్క క్షణం ఆడమనిషి చెయ్యే. ఒక మగవాడు ఆడవేషం వేయడాన్ని ఒక ఆడపిల్ల స్టేజీ మీద చూపించడం! దీనికి పైన ఇంకే అలంకారమూ అక్కర్లేదు.

పాత నాటకాల సీన్లు, పద్యాలు వాడుకోవచ్చా? మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక, ఆ తర్వాతి సంవత్సరం నుంచి లెక్కపెట్టి అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. ఇద్దరు కలిసి రాసినదైతే చివర పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు పోయింది 1950లో, కాబట్టి వాళ్ల పాండవ నాటకాలకు 2010తోనే గడువు తీరింది. 1970ల తర్వాతి సాంఘిక నాటకాలు, పరిషత్తు పోటీల నాటికలైతే రచయితకో వారసులకో ఫోను చేయండి. ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకు కావలసింది కరపత్రంలో పేరు. ఇంకో సంగతి, ఔత్సాహిక బృందాలు డబ్బు తీసుకోకుండా ఆడితే చట్టంలోనే మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన రోజున ఆ మినహాయింపు పోతుంది. అందుకే నా సలహా: మొదటి ప్రదర్శన ఉచితం, గేటు దగ్గర హుండీ. హాలు కప్పు బాగుకోసం అని రాసిపెట్టండి.

పద్యం మాత్రం నెల రోజుల్లో రాదు. మీలో ఎవరికీ గొంతు లేకపోతే కరావోకే ట్రాక్ పెట్టి పెదాలు ఆడించకండి. మిగిలిన పాత గాయకుడినే వింగులో కుర్చీ వేసి కూర్చోబెట్టి పాడించండి, ఊపిరి అందక రాగం మధ్యలో తెగినా సరే. ఆ తెగడం కూడా మీ హాలు చరిత్రే. భాష సంగతిలో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: స్టేజీ మీది డైలాగులు గ్రాంథికంలో, గ్రీన్ రూంలోకి అడుగుపెట్టగానే అచ్చమైన మన ఊరి మాట. కృష్ణుడు రాయబారం నడిపి లోపలికొచ్చి "అరె, నా కిరీటం పట్టుర్రా, నెత్తి పలుగుతాంది" అంటాడు. అప్పటి నటులు అచ్చంగా అలాగే రెండు నాలుకలతో బతికారు. తమ ఇంటి మాట స్టేజీకి పనికిరాదని నమ్మినవాళ్లు వాళ్లు. ఆ సంగతి మీరు వివరించక్కర్లేదు, చెవికే తెలుస్తుంది.

హాలు ఎందుకు మూతపడిందన్న దగ్గర అందరూ "టీవీ వచ్చింది, నాటకం పోయింది" అంటారు. అంత తేలిగ్గా ఒప్పుకోకండి. 1987లో రామాయణం సీరియల్ వచ్చింది ఆదివారం పొద్దున, మన నాటకం ఆడేది రాత్రి. మాకు ఒక కోశాధికారి చెప్పింది వేరు. వినాయక చవితికి నాటకానికని ఇచ్చే చందాను కుర్రాళ్లు కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి మళ్లించారట. ఒక్క రాత్రికి మూడు సినిమాలు. డబ్బు దారి మళ్లింది, దాని వెనక జనం. మీ ఊళ్లో ఇంకేదో జరిగి ఉండొచ్చు, జమాఖర్చుల పుస్తకంలో ఆఖరి పేజీలు చూడండి. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అంటే తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభల తర్వాత ఇలాంటి ఎన్నో హాళ్లు మళ్లీ కొన్నాళ్లు పాటల రిహార్సళ్లతో తెరుచుకున్నాయి, అదీ అడగండి.

ఎక్కడ వేయాలన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. హనుమకొండలో 2024 నవంబరులో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం బ్రహ్మాండంగా ఉంది, తర్వాత ఎప్పుడైనా వేసుకోండి. మొదటిది మాత్రం మీ హాల్లోనే. కానీ కరెంటు జాగ్రత్త. పాత హాలంటే సింగిల్ ఫేజ్, పాత వైరింగ్. లైట్ల కిరాయివాడు వెయ్యి వాట్ల పార్ క్యాన్లు పన్నెండు తెస్తే పన్నెండు వేల వాట్లు, 230 వోల్టుల మీద యాభై రెండు ఆంపియర్లు. ఆ తీగలు తట్టుకోవు. మాకు కాటి సీనులోనే ఫ్యూజు పోయింది, జనం సెల్‌ఫోన్ లైట్లు వేస్తే వాటి వెలుగులోనే ముగించాం. అందరూ అది కావాలని చేశామనుకుని మెచ్చుకున్నారు. వింగు వెనక వైరు కాలిన వాసన మాకు మాత్రమే తెలుసు. ఎల్ఈడీ లైట్లే తెప్పించండి, ముందురోజు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పెట్రోమాక్స్ కావాలనుకుంటే పాత దాని గాజు లోపల ఎల్ఈడీ బల్బు పెట్టండి. తెరలు, విగ్గులు ఉన్నచోట నిజం మంట వద్దే వద్దు. రెండు తలుపులూ తెరిచి ఉంచండి. చాలా హాళ్లలో ఒకటి బీరువాతో మూసేసి ఉంటుంది.

ఆఖరిది సన్మానాలు. ఎవరో ఒక నాయకుడు గంట ఆలస్యంగా వస్తారు, నాటకం ఆపి శాలువాలు కప్పమంటారు. కరపత్రంలోనే "ప్రదర్శన మధ్యలో సభ ఉండదు" అని అచ్చు వేయించండి, అడిగిన ప్రతివాళ్లకూ అది చూపించండి. పాత కళాకారులను ముందు వరసలో సోఫాల్లో కూర్చోబెట్టకండి, అక్కడ వాళ్లు అతిథులైపోతారు. వింగుల్లో నాలుగు కుర్చీలు వేయండి, ఎవరు ఏ పక్క నిలబడేవారో అడిగి ఆ పక్కనే. తెర లాగిన మనిషి ఇంకా ఉంటే తాడు ఆయన చేతికే ఇవ్వండి. పక్కన బలమైన కుర్రాణ్ని ఒకణ్ని నిలబెట్టడం మర్చిపోకండి, ఆ వెదురు బొంగు చాలా బరువు.